పాత గొంతే కావాలంటున్న మా శ్రోతలకు, టూర్‌కి బయల్దేరే ముందు

మడివాళ బస్సు పాట దగ్గర్నుంచి మా వెంట ఉన్న అన్నలకీ, అక్కలకీ, తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ,

నేను బెంగళూరులో ఉన్న మన తెలుగు పాప్ పంక్ (వేగంగా, హుషారుగా సాగే ఒక రకం రాక్) బ్యాండ్‌లో బాస్ గిటార్ వాయిస్తాను. స్టేజ్ మీద ఎడమ పక్కన, డ్రమ్స్‌కి ఆనుకుని నిలబడతాను. మైకు ముందుకు ఎప్పుడూ రాలేదు కాబట్టి నేను మాట్లాడితే ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలియదు. టూర్ పోస్టర్ పెట్టిన రాత్రి నుంచి మీరు పంపిన మెసేజ్‌లన్నీ ఒక్కటీ వదలకుండా చదివాను, కొన్ని ఆఫీసు క్యాబ్‌లో, కొన్ని అర్ధరాత్రి నిద్ర పట్టక. విడివిడిగా జవాబులు రాయబోతే అదే మాట మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తోంది, అందుకని అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

మీరన్నవాటిలో మూడు మాటలు నన్ను వదలడం లేదు. పాత సింగర్ లేకుండా అదే పేరుతో ఊళ్లు తిరగడం మోసం అన్నారు. పాత స్పీడు పోయింది, ఇప్పుడు మీది పాప్ పంకూ కాదు జానపదమూ కాదు అన్నారు. మూడోది ఒకరిద్దరు కాదు, చాలామందే రాశారు, చావు డప్పు తెచ్చి స్టేజ్ ఎక్కించారేంటి అని. మొదటి రెండిటికీ ఓపిగ్గా చెప్తాను. మూడోదానికీ చెప్తాను, కానీ అంత ఓపిగ్గా చెప్పగలనని మాటివ్వలేను.

ముందు వెళ్లిపోయినవాళ్ల సంగతి. మా సింగర్ ఎంఎస్ చేయడానికి టెక్సాస్ వెళ్లాడు. గొడవేమీ జరగలేదు, డబ్బుల దగ్గరా జరగలేదు, పాటల దగ్గరా జరగలేదు, మీలో కొందరు అనుకుంటున్నట్టు ఇప్పుడు పాడుతున్న చెల్లి వల్ల అసలే జరగలేదు, ఎందుకంటే వాడు విమానం ఎక్కే నాటికి ఆ అమ్మాయి ఎవరో కూడా మాకు తెలియదు. విజయవాడలో వాళ్ల నాన్నగారు పొలం అమ్మకుండా గడవాలని లోన్ కోసం బ్యాంకుల చుట్టూ ఏడాది తిరిగారు. లోన్ వచ్చింది, వాడు వెళ్లాడు. ఇందులో ఎవర్ని తప్పు పడతాం?

వెళ్లే రోజు సిల్క్ బోర్డ్ దగ్గర ఎయిర్‌పోర్ట్ బస్సు ఎక్కించడానికి ముగ్గురం వెళ్లాం. బస్సు తలుపు దగ్గర నిలబడి బ్యాగులోంచి తన డిస్టార్షన్ పెడల్, అదే గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే పెట్టె, తీసి నా చేతిలో పెట్టాడు. నారింజ రంగు డబ్బా, పైన మూడు నాబులు. ఒక్కో నాబు పక్కన చిన్న తెల్ల టేపు ముక్క, దాని మీద బాల్ పెన్నుతో సన్నటి గీతలు, ఏ పాటకి ఎంతవరకు తిప్పాలో గుర్తులు. ఒక గీత పక్కన చిన్న అక్షరాలతో ‘బస్సు’ అని రాసి ఉంది. మీరు కాలేజీ ఫెస్టుల్లో గొంతులు పోయేదాకా మాతో పాడిన ఆ పాట గిటార్ సౌండ్ మొత్తం ఆ గీతే. ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెట్టాను, ఐదు నెలలు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

లీడ్ గిటారిస్ట్‌ది మామూలు కథే. పెళ్లయింది, హైదరాబాద్ ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ అడిగాడు, ఇచ్చారు. హైదరాబాద్ షోలో మాతో రెండు పాటలు వాయిస్తాడు, ఆ రెండు ఏవో అక్కడే వినండి.

ఇక పేరు విషయం. బ్యాండ్ పేరు పెట్టింది మా పాత సింగరే, మేం మార్చేద్దామా అని అడిగితే వద్దన్నదీ వాడే. అయినా మీకు నమ్మకం కుదరడం లేదని అర్థమవుతోంది, అందుకే మీరూ నేనూ కలిసి ఇష్టపడే బ్యాండ్ల దగ్గరికే వెళ్తాను. అమెరికన్ పంక్ బ్యాండ్ గ్రీన్ డేలో మొదటి డ్రమ్మర్ జాన్ కిఫ్‌మేయర్ 1990లో కాలేజీ చదువు కోసం వెళ్లిపోయాడు, అచ్చం మావాడిలాగే. ఆ స్థానంలోకి ట్రే కూల్ వచ్చాడు. 1994లో ‘డూకీ’ ఆల్బమ్ వచ్చింది. గ్రీన్ డే డ్రమ్స్ అనగానే మనకి చెవిలో మోగేదంతా రెండో మనిషిదే, 2025 మార్చిలో ముంబై లోలాపలూజా సంగీతోత్సవంలో మనలో కొందరం ఎగిరెగిరి కాళ్లు వాచేలా చేసుకున్నది కూడా అతని దెబ్బలకే. ఆ రోజు అక్కడ ఎవరైనా కిఫ్‌మేయర్ ఏడి అని అరిచారా?

ఇంకో అమెరికన్ పాప్ పంక్ బ్యాండ్ బ్లింక్-182 కథ మీకు కంఠతా వచ్చు, అయినా ఒక ముక్క మళ్లీ చెప్తాను, ఎందుకంటే ఆ ముక్కనే అందరూ దాటేస్తారు. 1998లో డ్రమ్మర్ స్కాట్ రేనర్ స్థానంలో ట్రావిస్ బార్కర్ వచ్చాడు, అది అందరికీ గుర్తే. గిటార్ వాయిస్తూ పాడే టామ్ డిలాంగ్ 2005లో ఒకసారి, 2015లో మరోసారి దూరమయ్యాడు, అదీ గుర్తే. రెండోసారి వెళ్లినప్పుడు ఆ చోట నిలబడ్డవాడు మాట్ స్కీబా. అతనికి అప్పటికే ఆల్కలైన్ ట్రయో అని సొంత బ్యాండ్ ఉంది, ఎవరి నీడలోనూ నిలబడాల్సిన అవసరం లేదు. అయినా వచ్చాడు, ఏడేళ్లు ఉన్నాడు, రెండు ఆల్బమ్‌లు చేశాడు. 2016లో వచ్చిన ‘కాలిఫోర్నియా’ అమెరికా ఆల్బమ్ చార్ట్ బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ ఏడేళ్లూ అతను విన్న మాట ఒకటే, నువ్వు టామ్‌వి కాదు అని. 2021లో బ్యాండ్‌లో బాస్ వాయించే మార్క్ హాపస్‌కి క్యాన్సర్ వచ్చింది, ఆ కష్టంలో మార్క్, టామ్, ట్రావిస్ ముగ్గురూ మళ్లీ దగ్గరయ్యారు, 2022 అక్టోబర్‌లో టామ్ తిరిగొచ్చాడు. రాగానే చేసిన పనుల్లో ఒకటి ఏంటంటే, తను లేని రోజుల్లో బ్యాండ్‌ని నిలబెట్టినందుకు స్కీబాకి అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాడు. ఎవరి చోటు కోసం అభిమానులు కొట్టుకున్నారో ఆ మనిషే వచ్చి, నా చోటు కాపాడినందుకు థ్యాంక్స్ అన్నాడు. నాకు ఆ పోస్ట్ చదివినప్పుడు గొంతులో ఏదో అడ్డుపడింది.

అమెరికన్ రాక్ బ్యాండ్ పారమోర్‌లో 2010 డిసెంబర్‌లో గిటార్, డ్రమ్స్ వాయించే ఫారో అన్నదమ్ములిద్దరూ వెళ్లిపోయారు, బ్యాండ్ అయిపోయిందన్నారు. 2013లో బ్యాండ్ పేరుతోనే వచ్చిన ఆల్బమ్ వాళ్లకి అమెరికాలో మొదటిసారి నంబర్ వన్ తెచ్చింది. అందులో గాస్పెల్ కోరస్ పెట్టి చేసిన పాటకి 2015లో గ్రామీ వచ్చింది. పంక్‌లో చర్చి పాటగాళ్లేంటి అని అప్పుడూ అన్నవాళ్లున్నారు. 2017 నాటికి తమ్ముడు జాక్ ఫారో మళ్లీ డ్రమ్స్ వెనక కూర్చున్నాడు. తలుపులు అలా తెరిచి ఉంచుకోవాలి. మా తలుపూ తెరిచే ఉంది, మావాడు చదువైపోయి ఎప్పుడొచ్చినా సరే.

ఇప్పుడు చెల్లి గురించి. కర్నూలు అమ్మాయి, బీటీఎం లేఅవుట్‌లో హాస్టల్‌లో ఉంటుంది, ఉద్యోగం చేస్తుంది. హెచ్ఎస్ఆర్‌లో మేం గంటల లెక్కన అద్దెకి తీసుకునే బేస్‌మెంట్ జామ్ రూమ్‌కి (రిహార్సల్ గదికి) మొదటిసారి వచ్చినప్పుడు గిటార్ తనదే తెచ్చుకుంది, పెడల్ లేదు. నేను ఆ నారింజ డబ్బా తెచ్చి ముందు పెట్టాను. కేబుల్ గుచ్చి, నాబు మీద వేలు పెట్టి ఆగిపోయింది. “అన్నా, ఈ టేపు ఎవరిది?” అంది. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్లి టేపు అడిగి తెచ్చుకుని, పాత టేపుని కదపకుండా దాని పక్కన ఇంకో ముక్క అతికించి, దాని మీద తన గీత పెట్టుకుంది. ఇప్పుడు ఆ పెడల్ మీద రెండు టేపులున్నాయి. ఈసారి షోకి వచ్చినప్పుడు స్టేజ్ దగ్గరికి రండి, చూపిస్తాను. మోసం అన్నవాళ్లు తప్పకుండా రండి.

తన గొంతుకి బస్సు పాట శ్రుతి మార్చాం, డి అనే స్వరం నుంచి జి కి. చూడటానికి చిన్న మార్పే, దాని వెంట ఎంత మారిందో చెప్తాను. పాత పాటలో నా బాస్‌లో అన్నిటికన్నా లావు తీగని ఒక మెట్టు దించి డి కి పెట్టుకునేవాణ్ణి, ఆ తీగని ఏమీ నొక్కకుండా వదిలేస్తే గదంతా అదిరేది. మీరు ఛాతీలో గుద్దినట్టుంది అనేవారే, అది అదే. జి కి వచ్చేసరికి ఆ అడుగు స్వరం పోయింది. నేను పైన ఎక్కడో వాయించాలి, కింద ఖాళీ. రెండు నెలలు ఆ ఖాళీని గిటార్‌తో నింపాలని చూశాం, డ్రమ్మర్ కాలితో కొట్టే కిక్ డ్రమ్ దెబ్బలు డబుల్ చేశాడు, ఏదీ కుదరలేదు. డప్పు వచ్చింది ఆ ఖాళీలోకే. ఫ్యాషన్ కోసం తెచ్చామనుకుంటున్నవాళ్ల కోసం ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకో సంగతి, ఇది పాటలు రాసుకునేవాళ్లకి నచ్చుతుంది. పాటలో ‘కిటికీ పక్కన ఒక్కడినే’ అని ఉంటుంది కదా. చెల్లి పాడాలంటే ‘ఒక్కదాన్నే’ అవ్వాలి. అచ్చులు లెక్కపెడితే రెండూ నాలుగే, కానీ ‘డి’ లఘువు, ‘దాన్’ గురువు, ఒక మాత్ర ఎక్కువ. డ్రమ్మర్ స్నేర్ (డ్రమ్స్‌లో టపామని మోగే చిన్న డ్రమ్) దెబ్బ ఇన్నాళ్లూ ‘నే’ మీద పడేది, ఇప్పుడు ‘దా’ మీద పడి పదం విరిగిపోతోంది. మా డ్రమ్మర్ కన్నడ అబ్బాయి, మల్లేశ్వరంలో పుట్టి పెరిగాడు, తెలుగు చదవడం రాదు, కోరస్‌లన్నీ కన్నడ అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నాడు. వాడే పట్టుకున్నాడు ఈ తేడాని. సరే అని టెక్సాస్‌కి వీడియో కాల్ చేశాం, అక్కడ తెల్లవారుజాము. మావాడు నిద్ర కళ్లతో మొత్తం విన్నాడు. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు, “డప్పు ఎవరు?” అని అడిగాడు, ఆ తర్వాత “దా దగ్గర ఒక్క క్షణం అందరూ ఆగండి, చెల్లి ఒక్కతే ఆ మాట అనాలి” అన్నాడు. ఇప్పుడు ఆ లైన్‌లో వాయిద్యాలన్నీ ఆగిపోయి గొంతు ఒక్కటే వినిపించే చోటు ఉందే, అది వాడి ఆలోచన. మీరు వాడు లేడంటున్న పాటలో వాడు అక్కడ ఉన్నాడు.

స్పీడు తగ్గిందన్నారు, నిజమే. ముందు నిమిషానికి 190 దెబ్బల మీద పోయేవాళ్లం, ఇప్పుడు 160 దగ్గర ఉన్నాం. ఎందుకో చెప్తాను. మనం అభిమానించిన పాప్ పంక్ అంతా ఇంగ్లీషు మాటల మీద కట్టుకున్న సంగీతం. రామోన్స్ నుంచి బజ్‌కాక్స్, డిసెండెంట్స్ దాకా ఏ బ్యాండ్‌ని తీసుకున్నా, పొట్టి పొట్టి మాటలు, హల్లు దగ్గర టక్కున ఆగే మాటలు, స్నేర్ మీద మేకు కొట్టినట్టు దిగుతాయి. మన మాట అలా ఆగదు, చివర్లో అచ్చు ఉంటుంది, సాగుతుంది. ‘అక్కర్లేదు’ అని 190లో పాడి చూడండి, సగం అక్షరాలు మింగేస్తారు. మా మొదటి పాటల్లో మేం చేసింది అదే, తెలుగుని ఇంగ్లీషులా మింగుతూ పాడాం, మీరు కూడా అర్థం కాకపోయినా ఎగిరారు, అప్పట్లో అందరికీ ఇరవై రెండేళ్లు. ఇప్పుడు మాటలు వినపడాలనిపిస్తోంది. చెల్లి పాడితే ప్రతి అక్షరం వినపడుతుంది, హాస్టల్ వార్డెన్ గురించి రాసిన కొత్త పాటలో ఆ వెటకారం, ఆ కోపం తగలాలంటే మాట తెలియాలి కదా.

అయితే పాట నీరసపడలేదు. వేగం మాట దగ్గర తగ్గింది, దరువులో పెరిగింది. డప్పు వచ్చిన కొత్తల్లో మాకది పెద్ద తలనొప్పి. డ్రమ్మర్ రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద స్నేర్ కొడతాడు, డప్పు కూడా అక్కడే గట్టిగా పడుతుంది, రెండూ ఒకే ఎత్తులో మోగి గొంతుని కప్పేస్తాయి. పైగా మన దరువుల్లో చాలావాటికి తకిట తకిట అని మూడు లెక్క, పంక్‌కి తకధిమి తకధిమి అని నాలుగు లెక్క. చివరికి మా డ్రమ్మర్ ఒక పని చేశాడు, ఏ డ్రమ్మరూ సులువుగా ఒప్పుకోని పని. తన స్పీడు సగానికి తగ్గించుకుని, ఆ పరుగంతా డప్పుకి ఇచ్చేశాడు. అతను నాలుగు కొడుతుంటే పైన డప్పు మూడు మూడుగా పరిగెడుతుంది, ఎక్కడో పన్నెండో దెబ్బ దగ్గర ఇద్దరూ కలుస్తారు. ఆ కలిసే చోట మీరు గెంతుతారు, ఎవరూ చెప్పకుండానే గెంతుతారు, ఈ మధ్య చేసిన రెండు షోల్లోనూ చూశాను. ట్రావిస్ బార్కర్ అంటే ప్రాణం ఇస్తారు కదా మీరు, అతను ఫాంటానాలో హైస్కూల్లో ఉన్నప్పుడు మార్చింగ్ బ్యాండ్‌లో వాయించాడు. వీధిలో నడుస్తూ కొట్టే స్నేర్ ఆ వేళ్లలోంచి పంక్‌లోకి వచ్చింది. మా డప్పు అన్న కూడా వీధిలో నడుస్తూ కొట్టడం నేర్చుకున్నవాడే. అక్కడైతే గొప్ప, ఇక్కడైతే చిన్నతనమా?

డప్పు అన్నది కదిరి వైపు పల్లె. కేఆర్ పురంలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. పొద్దున ఏడింటి నుంచి రక్తం శాంపిల్స్ తీస్తాడు, సాయంత్రం రిహార్సల్. వాళ్ల నాన్న డప్పు, తాత డప్పు. కుడి చేతిలో చిర్ర, లావు కర్ర, ఎడమ చేతిలో చిటికెన పుల్ల, సన్నగా పొడుగ్గా ఉంటుంది. చిర్ర దెబ్బ వేస్తే పుల్ల మధ్యలో గలగలలాడిస్తుంది. ఎడమ చేతి చూపుడు వేలి పక్కన చర్మం గట్టిపడి కాయ కాసింది, ఆ చేత్తోనే పేషెంట్ల నరం వెతుకుతాడు, నొప్పి తెలియకుండా సూది గుచ్చుతాడని అక్కడ పేరట.

బెంగళూరు చల్లగాలికి తోలు సడలిపోతుంది. జామ్ రూమ్‌లో ఏసీ వేస్తే ఇరవై నిమిషాల్లో డప్పు మూగబోతుంది, అందుకే మేం ఏసీ ఆపేసి చెమటలు కక్కుతూ రిహార్సల్ చేస్తున్నాం. బేస్‌మెంట్‌లో మంట వేయడానికి లేదు కాబట్టి చెల్లి హాస్టల్ నుంచి హెయిర్ డ్రైయర్ తెచ్చింది, పని జరుగుతుంది గానీ అన్నకి తృప్తి ఉండదు. షోలకి మాత్రం కాచాల్సిందే. మొన్న షో ముందు పబ్ వెనక సందులో పాత న్యూస్ పేపర్లు, కొబ్బరి పీచు పోగేసి మంట వేశాడు. డప్పుని రెండు చేతులతో పట్టుకుని మంటకి ఇంత ఎత్తులో తిప్పుతూ, మధ్యమధ్యలో వేలి గోటితో టక్కుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. మొదట బద్దకంగా పలుకుతుంది, తర్వాత తర్వాత ఆ శబ్దం సన్నబడి పైకెక్కుతుంది. ఒకచోట చాలు అని ఆపేస్తాడు. ఇంకొంచెం కాలిస్తే తోలు చిట్లుతుంది, ఆ కొంచెం ఎంతో అతనికే తెలుసు. నేను ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూశాను, మూడుసార్లూ ముల్లు ఒక్కచోటే ఆగింది.

చావు డప్పు అన్నవాళ్లకి ఇప్పుడు చెప్తాను. అవును, చావులో కొడతారు. పెళ్లిలోనూ కొడతారు, జాతరలో కొడతారు, అమ్మవారి ముందు కొడతారు, ఊళ్లో చాటింపు వేయాలంటే కొడతారు. పెళ్లి దరువు వేరు, చావు దరువు వేరు, అది కూడా తెలియకుండా వాయిద్యానికే చావు పేరు పెట్టేశారు. మీ తాత పోయినప్పుడు రాత్రంతా మంట పక్కన నిలబడి ఆయన్ని సాగనంపినవాళ్లు ఎవరు? పొద్దున్నే వాళ్లకి ఎక్కడ కూర్చోబెట్టి అన్నం పెట్టారు? హిందూపురంలో మా ఇంట్లో ఏం జరిగిందో నాకు గుర్తుంది, పెరటి గుమ్మం దగ్గర ఆకులు వేశారు, నాకప్పుడు పదకొండేళ్లు, ఎందుకని అడిగితే నోరు మూయించారు. ఇప్పుడు ఆ వాయిద్యాన్ని తెలిసిన మనిషి నా పక్కన అదే స్టేజ్ మీద, అదే ఎత్తులో నిలబడితే మీకు ఇబ్బందిగా ఉందంటే ఆ ఇబ్బంది సంగీతానిది కాదు. మీరు ఏ కులాన్ని తలుచుకుని ఆ మాట రాశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు, అన్నకి మనందరికన్నా బాగా తెలుసు. ఆ మెసేజ్‌లు అతనూ చదివాడు. ఏమీ అనలేదు, మర్నాడు రిహార్సల్‌కి టైముకే వచ్చాడు.

చెన్నైలో 2018 జనవరిలో కిల్పాక్‌లో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదటిసారి స్టేజ్ ఎక్కినప్పుడు గిటార్ల పక్కనే పరై మోగింది. దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి తెచ్చిన బృందం అది. పరై మన డప్పుకి తోబుట్టువు, అక్కడా దాన్ని చావు వాయిద్యం అనే అన్నారు. ఆ వీడియోలు మీరే నాకు పంపారు, ‘ఇదీ అసలు పంక్’ అని రాసి మరీ పంపారు. తమిళంలో అయితే పంక్ అయింది, మన దాకా వస్తే ఏమైంది?

ఒక పబ్‌లో మేనేజర్ కూడా ఇదే అన్నాడు, పేరు రాయను. సౌండ్ చెక్ అయ్యాక పక్కకి పిలిచి, మా కస్టమర్లకి ఇది బాగోదు, అది లేకుండా వాయించండి అన్నాడు. సామాన్లు సర్దుకుని వచ్చేశాం. ఈ ఊళ్లో చోటు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పోలీసు లైసెన్స్ లేని చాలా పబ్బులు లైవ్ మ్యూజిక్ ఆపేసుకున్నాయి, 2019లో బ్యాండ్లు వాయించే హమ్మింగ్ ట్రీ మూతపడింది, మనం ఎన్ని బ్యాండ్లని మొదటిసారి విన్నామో ఆ మేడ మీద. చోటు వదులుకోవడం మాకు చిన్న విషయం కాదు. అయినా ఆ రాత్రి ఆటోలో డ్రమ్మర్ ఒళ్లో డప్పు, వెనక నా బాస్, అందరం బీటీఎంలో దోసెల బండి దగ్గర ఆగి తిని ఇళ్లకి పోయాం. ఎవరికీ బాధ అనిపించలేదు.

బెంగళూరులో తెలుగు పాట ఎవరు వింటారు అని కూడా ఒకరు రాశారు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడి షోలో ఇంగ్లీషు గాయకుడు ఎడ్ షీరన్ మన శిల్పా రావుతో కలిసి దేవర సినిమా పాట తెలుగులో అందుకున్నప్పుడు ఆ మైదానం ఎలా ఊగిపోయిందో మీరే షేర్ చేశారు కదా. ఆ చెవులే మా పాటకీ ఉన్నాయి.

ఇక టూర్. సంక్రాంతికి అందరూ ఊళ్లకి వెళ్లి వచ్చాక మొదలవుతుంది. సౌండ్ ఇంజినీర్‌తో కలిపి అందరం ఒకే టెంపో ట్రావెలర్‌లో. బెంగళూరులో మొదలు, 44వ నంబర్ హైవే మీద అనంతపురం, అక్కణ్నుంచి చెల్లి వాళ్ల కర్నూలు మీదుగా హైదరాబాద్. కర్నూలులో షో లేదు, వాళ్ల అమ్మగారింట్లో భోజనం ఉంది. తర్వాత విజయవాడ. అక్కడ మా పాత సింగర్ వాళ్ల నాన్నగారికి మొదటి వరసలో కుర్చీ వేస్తాం, వస్తానన్నారు, కొడుకు పాటలు స్టేజ్ మీద ఆయన ఒక్కసారి కూడా వినలేదు. తర్వాత విశాఖ, చివరికి కోస్తా వెంబడి నెల్లూరు మీదుగా చెన్నై. శనాదివారాలు మాత్రమే షోలు, ఎవరికీ సెలవులు లేవు, అందుకే నాలుగు వారాలు పడుతోంది. సెట్‌లిస్ట్‌లో సగం పాతవి, సగం కొత్తవి. బస్సు పాట చివర్లో కాదు, ఈసారి మొదటే వాయిస్తాం. దాని కోసమే వచ్చేవాళ్లు విని, నచ్చకపోతే వెళ్లిపోవచ్చు. టికెట్ డబ్బులు వెనక్కి కావాలంటే గేటు దగ్గర నన్ను అడగండి, ఇస్తాను, కారణం కూడా అడగను.

మిమ్మల్ని అడిగేవి రెండున్నాయి. చెల్లి పాడుతున్నప్పుడు పాట మధ్యలో పాత సింగర్ పేరు అరవకండి. వాడి మీద ప్రేమతోనే అరుస్తున్నారని నాకు తెలుసు, కానీ పోయిన షోలో మూడో పాటకి ఆ అరుపులు మొదలయ్యాక తన చెయ్యి గిటార్ మెడ మీద వణకడం పక్కనున్న నేను చూశాను. పాట ఆపలేదు, పూర్తి చేసింది, దిగాక బాత్రూమ్‌లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వాడి పేరు పిలవాలనుంటే పాట అయ్యాక అందరం కలిసి పిలుద్దాం, నేనే ఫోన్‌లో వీడియో తీసి వాడికి పంపిస్తాను. రెండోది, డప్పు అన్నని ఎగతాళి చేసిన మెసేజ్‌లు తీసేయండి. తీసేసి ఆయనకి ఒక మాట రాయండి. నాకు రాయక్కర్లేదు.

అనంతపురం షో ఏడింటికి. మీలో వీలైనవాళ్లు ఐదున్నరకే రండి. డప్పు అన్న వాళ్ల నాన్న కదిరి నుంచి తన డప్పు తీసుకుని వస్తున్నారు, హాలు వెనక ఖాళీ స్థలంలో తండ్రీ కొడుకులిద్దరూ డప్పులు కాస్తారు. మా డ్రమ్మర్ ఆ పని నేర్చుకుంటానని పట్టుబట్టాడు, పెద్దాయన సరేనన్నారు, ముందు మంట దగ్గర కూర్చుని వినడం నేర్చుకో అన్నారట. ఎండుగడ్డి మేం తెస్తున్నాం. గేటు లోపలికి వచ్చి ఎడమ పక్క సందులోంచి నేరుగా వెనక్కి నడిస్తే పొగ కనిపిస్తుంది.

మీ,
బాస్ గిటార్